మాటల్లేని రెండు నిమిషాలు

జూన్ 3
కుట్టు దుకాణం

వదినగారికి,

మోకాళ్లు ఎలా ఉన్నాయని అడగను. అడిగితే మీరు నాలుగు పేజీలు రాస్తారు, నాకు కావలసిన సంగతికి చోటు మిగలదు.

సంగతి ఇది. మా టీవీలో బొమ్మ పోయింది. మాట ఉంది. మొన్న శనివారం మధ్యాహ్నం మూడింటికి, మన మనవరాలు రాసే సీరియల్ మొదలవుతుండగా తెర మధ్యలో ఒక తెల్లచుక్క మిగిలి, అదీ పోయింది. రిపేరు చేసే ఆయన వెనక మూత విప్పి చూసి, "అమ్మా, దీని సామాను తయారుచేసిన వాళ్లే ఇప్పుడు లేరు" అన్నాడు. కొత్తది తీసుకోమన్నాడు. సగం పనిచేస్తున్నదాన్ని ఎలా పారేస్తాను? నేను ఎలాగూ మిషను మీద వంగే ఉంటాను. మాటలు వినపడితే చాలనుకున్నాను.

చాలదని ఆ రోజే తెలిసింది. మన పిల్ల ప్రతి భాగంలోనూ చివరి రెండు నిమిషాలు మాటల్లేకుండా రాస్తుంది కదా. వట్టి సంగీతం. అసలు కథంతా అక్కడే నడిపిస్తుంది. మొన్న నాకు వినపడింది ఒక వయొలిన్, ఒక కుర్చీ జరిపిన చప్పుడు. ఎవరు లేచారో, ఎవరు కూర్చున్నారో తెలియక సూది పట్టుకుని అలాగే ఉండిపోయాను.

మీకు తెలియనిది కాదు. ఆ సీరియల్లో టోపీలు కుట్టే అమ్మమ్మ నేనే. చాటుగా అందరి మాటలూ వినే లావుపాటి నాన్నమ్మ మీరు. (మీకంటే లావుగా ఉన్నామెనే పెట్టారు. అది మన పిల్ల పొరపాటు కాకపోవచ్చు.) బట్టలకి బదులు టోపీలు పెడితే నేను గుర్తుపట్టననుకుంది. ఇద్దరు ముసలమ్మలు మనవరాలి కాపురంలో వేలు పెట్టడం, జనం నవ్వడం. నవ్వనీ. కానీ మార్చి నెలాఖరు నుంచి అది నాతో మాట్లాడటం లేదు. ఫోన్ చేస్తే దాని మొగుడు ఎత్తి, "పనిలో ఉందండీ" అంటాడు. వంతెనలు కట్టే మనిషి. అబద్ధమాడితే గొంతు వణుకుతుంది.

నేను చేసింది మీకు చెప్పాను. మార్చిలో ఒక గౌను పంపి, నడుము దగ్గర అంగుళం వదులు చెయ్యమంది. నలభై ఒక్క ఏళ్లుగా కొలతలు తీస్తున్నాను, ఏ వయసు పిల్ల అంగుళం ఎందుకు అడుగుతుందో నాకు తెలియదా? అడగలేదు. గౌనుతో పాటు ఆరు చిట్టి చొక్కాలు కుట్టి పంపాను. మెత్తటి గుడ్డ, ఒంటికి తగలకుండా కుట్టు బయటికి మలిచాను. వారం తిరక్కుండా ఆరూ వెనక్కి వచ్చాయి. పార్సిల్ మీద దాని చేతిరాతతో నా చిరునామా. లోపల ఉత్తరం లేదు.

సీరియల్లోనూ ఇప్పుడు అదే నడుస్తోంది. టోపీలమ్మ అడక్కుండా చిట్టి టోపీలు కుట్టి పెట్టెలో పంపింది. మనవరాలు ఆ పెట్టె విప్పకుండా బీరువా మీద పెట్టి, ఆమెని ఇంటికి రావద్దంది. మళ్లీ రానిస్తుందా లేదా? నాకు అదొక్కటే కావాలి వదినా. మా అమ్మాయినీ మీ అబ్బాయినీ అడిగితే "మీరిద్దరూ మధ్యలో దూరకండి" అంటారు. ఇక అది రాసేది చూసి తెలుసుకోవలసిందే.

కాబట్టి ప్రతి శనివారం ఆ చివరి రెండు నిమిషాలూ చూసి నాకు రాయండి. చూసింది చూసినట్టు. మీరు ఫోన్ ముట్టరు, ఉత్తరమే గతి.

బొమ్మ లేని టీవీ ముందు నుంచి,
మీ వదిన

*

జూన్ 9
మూడో అంతస్తు

వదినగారికి,

మోకాళ్లు బాగాలేవు. అంతటితో ఆపాను, చూడండి.

ఫోన్ ముట్టనని దెప్పారు. ముప్పై నాలుగేళ్లు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో కూర్చుని ఊరందరి మాటలూ ఈ చెవుల్లోంచి పంపాను. ఉద్యోగం అయిపోయిన రోజు ఇంటికొచ్చి చెవులు కడుక్కున్నాను. చాటుగా వినడమంటారా, నాకు జీతమిచ్చి వినమన్నారు.

శనివారం చూశాను. మూడు గంటలకి మా హాల్లో ఎండ కుర్చీ కోళ్ల దగ్గర ఉంటుంది. సీరియల్ అయ్యేసరికి నా ఒళ్లోకి వస్తుంది. చివర్లో ఏమైందంటే, మనవరాలు హాలు మధ్యలో నిలబడి ఉంది. నీళ్లు గడప దాటి లోపలికి వచ్చాయి. చప్పుడు లేదు. పాదాలు మునిగేంత. ఎవరూ కంగారు పడలేదు. టోపీలు ఒక్కొక్కటే తేలుకుంటూ వచ్చాయి. ఒక్కో టోపీలో ఒక్కో చిన్న దీపం, మా ఎక్స్ఛేంజి బోర్డు మీద ఎవరైనా లైను అడిగితే వెలిగేలాంటిది. వెలుగుతోంది, ఆరుతోంది. మనవరాలు అన్నిటినీ చూసింది, దేన్నీ ముట్టుకోలేదు. తర్వాత పేర్లు పడ్డాయి.

మంచిదే అనుకుంటున్నాను. ముట్టుకోలేదు కానీ, తోసెయ్యనూ లేదు.

నా పాత్రకి మాత్రం ఈసారి మంచి శాలువా కప్పారు.

ఒళ్లో ఎండతో,
మీ వదిన

*

జూన్ 13
కుట్టు దుకాణం

వదినా,

"గారు" తీసేశాను. ఎందుకో చదవండి.

నీళ్లా? దీపాలా? కోటు చేతులు కురచ చేయించుకోవడానికి మా వీధి డ్రాయింగ్ టీచరు వచ్చింది. ఆమె ఆ సీరియల్ ఒక్క శనివారం వదలదు. చివర్లో టోపీలమ్మ మనవరాలి ఇంటి మెట్ల మీద కూర్చుని, చెప్పు విప్పి మడమ చూసుకుని, మళ్లీ తొడుక్కుని దిగిపోయిందట. పైన తలుపు మూసే ఉందట. ఇల్లు పొడిగా ఉందట!

మీరు నిద్రపోయారు. మీ కలని నాకు పోస్టులో పంపారు. రెండు రోజులు ఆ నీళ్ల గురించే ఆలోచిస్తూ, ఒకాయన ప్యాంటు ఒక కాలు రెండంగుళాలు పొట్టిగా కోసేశాను. ఆయన బ్యాంకులో నిలబడి పనిచేసే మనిషి.

ఇంకోటి. నిన్న ఫోన్ చేస్తే దాని మొగుడు నోరు జారాడు. ఏప్రిల్ మొదటి వారంలో పిల్ల మీ ఇంట్లో నాలుగు రోజులు ఉందట. నా చొక్కాలు వెనక్కి వచ్చిన వారమే. ఇన్నాళ్లుగా ఇన్ని ఉత్తరాలు రాసి, ఆ ముక్క ఒక్కటి రాయలేదే మీరు? దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని "మీ అమ్మమ్మకి అన్నీ తొందరే" అని ఉంటారు. ఆ గొంతు నాకు తెలుసు. సీరియల్లో మీ పాత్ర అచ్చం అలాగే అంటుంది. అది ఎక్కడ విని రాసిందో ఇప్పుడు అర్థమైంది.

కోపంగా,
వదిన

*

జూన్ 18
మూడో అంతస్తు

వదినగారికి,

నేను "గారు" తియ్యను. ఆ ముచ్చట మీకే వదిలేశాను.

నిద్రపోయాను, నిజమే. ఎప్పుడు పోయానో నాకే తెలియదు. సీరియల్ ఎక్కడ ఆగిందో, కల ఎక్కడ మొదలైందో, మీ చేతి కుట్టులాగా అతుకు కనపడలేదు. నేను మొత్తం చూశాననే అనుకున్నాను.

పిల్ల వచ్చిన మాటా నిజమే. నాలుగు రోజులుంది. ఎందుకొచ్చిందో ఎవరికీ చెప్పనని దానికి మాటిచ్చాను. చాడీలు చెప్పలేదు. మీ పేరు ఒక్కసారి వచ్చింది, అదే తెచ్చింది. ఇంతకు మించి నన్ను అడగకండి. మీరు అడుగుతారు, నేను చెప్పను, ఇద్దరికీ పోస్టు ఖర్చు.

మీకు ఒక సంగతి చెప్పాలి. ఎక్స్ఛేంజిలో నాకు ఒక జంట ఉండేది. మొహాలు ఎప్పుడూ చూడలేదు. ఆయన ఆ ఊరి నుంచి, ఆమె ఈ ఊరి నుంచి. వారానికొకసారి లైను అడిగేవాళ్లు. కలిపాక ఇద్దరూ మాట్లాడేవాళ్లు కాదు. ఊపిరి వినపడేది, అటువైపు ఎక్కడో గోడ గడియారం వినపడేది. మాట లేకపోతే తీగ పీకెయ్యమని మాకు నిబంధన. నేను పీకేదాన్ని కాదు. లైనుకి ఇచ్చే ఆ మూడు నిమిషాలూ బోర్డు ముందు కూర్చుని, నేనూ ఎక్కడో దూరంగా ఉన్నట్టు ఉండేది. మాట్లాడకపోవడం అంటే లైను తెగిపోవడమని మీరు అనుకుంటున్నారు. నేను అనుకోను.

ఇక నుంచి నిలబడి చూస్తాను. మొన్న శనివారం కుర్చీ వీపు పట్టుకుని నిలబడే చూశాను. చివర్లో టోపీలమ్మ బస్సెక్కి కూర్చుంది. బస్సు కదల్లేదు. పేర్లు పడ్డాయి. అంతే, ఒక్క చుక్క నీళ్లు కూడా లేవు. కావాలంటే మీ టీచర్ని అడిగి చూసుకోండి.

మోకాళ్లు ఇప్పుడు ఎలా ఉంటాయో మీరే ఊహించుకోండి.

మీ వదిన

*

జూన్ 24
కుట్టు దుకాణం

వదినగారికి,

టీచర్ని అడిగాను. బస్సు, కదలకపోవడం, పేర్లు, అన్నీ సరిపోయాయి. మొన్న శనివారానిది మీరు కార్డు మీద రాసినదీ సరిపోయింది. "గారు" మళ్లీ పెట్టాను.

ఆ నాలుగు రోజుల గురించి అడగను. అడగకుండా ఉండటం నాకు ఎంత కష్టమో మీరూ ఊహించుకోండి.

ఇక్కడ ఎండలు. మధ్యాహ్నం వీధి మొత్తం కళ్లు మూసుకుంటుంది. నా మిషను ఒక్కటే నడుస్తుంది. ఒక్కోసారి కాలు ఆపాక కూడా ఆ చప్పుడు కాసేపు గదిలో ఉండిపోతుంది. ఆ చప్పుట్లో పిల్ల చిన్నప్పుడు ఈ బల్ల కింద కూర్చుని గుడ్డముక్కలు రంగుల వారీగా పేరుస్తూ తనలో తాను కథ చెప్పుకున్నట్టు వినిపిస్తుంది. వంగి చూస్తాను. గుడ్డముక్కలే ఉంటాయి.

అసలు సంగతికి వస్తాను. ఆ మొన్నటి శనివారం భాగం చివరి మాటల్లో, సీరియల్ మనవరాలు వాళ్లాయనతో "ఆ పెట్టె వచ్చేవారం దించుతాను" అంది. అంటే ఇరవై ఎనిమిదిన. దించి ఏం చేస్తుంది? తప్పకుండా ఆ రెండు నిమిషాల్లోనే చేస్తుంది. టీచరు సెలవు పెట్టి ఊరెళ్లింది. మీరే దిక్కు.

నేను ఒక నిర్ణయానికి వచ్చాను వదినగారూ. ఆ పిల్ల పెట్టె విప్పకపోతే, పారేస్తే, ఇక నేను ఫోన్ చెయ్యను. దాని ఇంటి వైపు చూడను. అరవై ఎనిమిదేళ్లొచ్చాయి, వద్దన్నచోటికి వెళ్లకుండా ఉండటం ఇప్పుడైనా నేర్చుకోవాలి. విప్పితే మాత్రం ఆ సంగతి దాచకుండా రాయండి. ఎలా ఉన్నా రాయండి.

శనివారం కోసం చూస్తూ,
మీ వదిన

*

జూన్ 28, శనివారం
మూడో అంతస్తు

వదినగారికి,

సీరియల్ ఇప్పుడే అయింది. వెంటనే రాస్తున్నాను. నిలబడే చూశాను.

కుర్చీ వేసుకుని ఎక్కి పెట్టె దించింది. మోకాళ్ల మీద కూర్చుని తాడు విప్పింది. టోపీలు ఒక్కొక్కటే తీసి కిటికీలో వరసగా పెట్టింది. బయటి వెలుతురు వాటి గుండా కనపడింది. చాలాసేపు చూసింది. తర్వాత లేచి వెళ్లి, వీధి తలుపు గడియ తీసి, ఓరగా తెరిచి పెట్టి, మళ్లీ వచ్చి కూర్చుంది. ఎవరో రావాలన్నట్టు.

అంతే.

మీ వదిన

*

జూలై 2
కుట్టు దుకాణం

వదినగారికి,

మీ ఉత్తరం పొద్దున వచ్చింది. నాలుగుసార్లు చదివాను. దుకాణానికి తాళం వేస్తున్నాను. బ్యాంకాయన ప్యాంటు ఇంకా కుట్టలేదు, ఆగుతాడు. రాత్రి పది గంటల బస్సుకి వెళ్తున్నాను. దానికి చెప్పలేదు, తలుపు తీసి పెట్టాక చెప్పేదేముంది?

తొందరలో,
మీ వదిన

*

జూలై 5
మూడో అంతస్తు

వదినగారికి,

మీ ఉత్తరం ఇవాళే అందింది. ఇది మీకు చేరేలోపు మీరు అక్కడికి వెళ్లే ఉంటారు. అయినా రాయక తప్పదు.

ఇరవై ఎనిమిదిన నేను నిద్రపోలేదు. కుర్చీ వీపు పట్టుకుని కళ్లు తెరుచుకుని నిలబడ్డాను. మొత్తం చూశాను. మీకు రాసింది మాత్రం అది కాదు.

ఆ పిల్ల పెట్టె దించింది. విప్పలేదు. నాలుగు అంతస్తులు మోసుకుని దిగి, చెత్తబండి పక్కన పెట్టి, వెనక్కి చూడకుండా పైకొచ్చి గడియ పెట్టుకుంది. పేర్లు పడ్డాయి.

కాగితం తీసి అదే రాయబోయాను. రాస్తే మీరు ఇక వెళ్లరని తెలుసు. వెళ్లకపోతే అదీ పిలవదని తెలుసు. ఎందుకని చెప్పలేను, మాటిచ్చాను. అది ఆ నాలుగు రోజుల్లో మీ గురించి అన్న ఒక్క మాట ఇది: "అమ్మమ్మకి ఏ మొహం పెట్టుకుని చెప్పను?" అది కోపం కాదు వదినగారూ. ఇచ్చిన మాట ఇంతవరకే దాటగలను.

మీ మొహాన తలుపు వేసి ఉంటే, ఆ తప్పు నాది. ముప్పై నాలుగేళ్లలో ఒక్కసారి కూడా ఒకరి మాట ఇంకొకరికి మార్చి చెప్పలేదు. ఇదే మొదటిసారి. మార్చింది కూడా మీకే.

తిట్టడానికైనా రాయండి.

మీ వదిన

*

జూలై 12
కుట్టు దుకాణం

వదినగారికి,

నిన్న సాయంత్రం దుకాణం తెరిస్తే మీ ఉత్తరం తలుపు కింద ఉంది. అందులో ఉన్నది నాకు అప్పటికే తెలుసు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మూడో తారీఖు పదకొండింటికి దాని ఇల్లు చేరాను. తలుపు మూసి ఉంది. గంట కొట్టాను. పిల్లే తీసింది, చెవి మీద పెన్సిలు. చిక్కిపోయింది. భుజం కుట్టు అంగుళమున్నర కిందకి జారి ఉంది.

"అమ్మమ్మా? నువ్వేంటి ఇక్కడ?"

"తలుపు తీసి పెట్టావుగా, వచ్చాను."

"ఏ తలుపు?"

"శనివారం. టోపీలు కిటికీలో పెట్టి, తలుపు తీసి ఉంచింది కదా నీ పిల్ల."

"నేనలా రాయలేదే. పెట్టె చెత్తబండి దగ్గర పెట్టించాను."

సంచి నా చేతిలోనే ఉంది. కింద పెట్టాలో, పట్టుకుని దిగిపోవాలో తెలియలేదు.

"ఎవరు చెప్పారు నీకలా?"

"మీ నాన్నమ్మ. నిలబడి చూశానంది."

అది నవ్వడం మొదలుపెట్టింది. తలుపు పట్టుకుని, వంగిపోయి నవ్వింది. ఎదురింటాయన బయటికొచ్చి చూసి మళ్లీ లోపలికెళ్లాడు. ఆ నవ్వు ఎప్పుడు ఏడుపైందో నేను కనిపెట్టలేకపోయాను.

వంటింట్లో కూర్చున్నాక చెప్పింది. మార్చి ఇరవై నాలుగున కడుపు పోయిందట. పదకొండో వారం. నా పార్సిల్ ఇరవై తొమ్మిదిన చేరింది. మధ్యలో అయిదు రోజులు. నేను ఇక్కడ పోస్టాఫీసులో తూకం వేయించుకుంటున్న పూట అది ఆసుపత్రిలో ఉంది.

"కోపంతో పంపలేదు అమ్మమ్మా. ఇంట్లో ఉంచుకోలేకపోయాను. పారేద్దామని రెండుసార్లు కిందకి పట్టుకెళ్లాను, చేతులు రాలేదు. నీ దగ్గరైతే భద్రంగా ఉంటాయనుకున్నాను. ఉత్తరం పెడదామంటే ఏం రాయాలో తెలియలేదు" అంది.

మాటలు రాసి బతికే పిల్ల, వదినగారూ.

మరి సీరియల్లో ఎందుకు పారేయించావంటే, "నేను చెయ్యలేనిది అదైనా చేస్తుందని" అంది. ఆ ఒక్క ప్రశ్న తప్ప మూడు రోజుల్లో నేను ఇంకేమీ అడగలేదు. మీరు నమ్మరు, దాని మొగుణ్ణి అడగండి. కర్టెన్లు నేలకి తగులుతుంటే మాత్రం పైకి మడిచి కుట్టాను. చూసింది, వద్దనలేదు.

మీ మీద కోపం పోలేదు. మూడు నెలలు నన్ను అలా ఉంచి, అన్నీ తెలిసీ శాలువా గురించి రాశారు. కానీ మీరు నిజమే రాసి ఉంటే నేను ఆ బస్సెక్కేదాన్ని కాదు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తున్నాను. ఏది పొడుగో తేలడం లేదు.

రెండో రోజు సీరియల్ తీసేచోటికి తీసుకెళ్లింది. పెద్ద చీకటి గోదాము, మధ్యలో నా గది. మూడు గోడలే ఉన్నాయి. కిటికీ అవతల మధ్యాహ్నం ఎండ, అది ఒక లైటూ ఒక తెల్లగుడ్డా. బల్ల మీద కత్తెర నా కత్తెర లాంటిదే. టోపీలమ్మ వేషం వేసే ఆమె పని మధ్యలో మంచం మీద ఒత్తిగిలి, నోరు కొంచెం తెరిచి నిద్రపోతోంది. అందరూ మునివేళ్ల మీద నడుస్తున్నారు. పిల్ల నా చెవిలో, "నువ్వు అలసిపోయావు అమ్మమ్మా, కాసేపు పడుకోనీ" అంది. నేనూ చప్పుడు చెయ్యకుండా నిలబడ్డాను. నన్ను నేను నిద్రపోతుండగా చూడటం ఇదే మొదలు.

ఆరో తారీఖున బయలుదేరి నా చెల్లెలింట్లో నాలుగు రోజులుండి వచ్చాను. పిల్ల బస్టాండు దాకా వచ్చింది.

"మళ్లీ ఎప్పుడొస్తావు?"

"నువ్వు పిలిచినప్పుడు. ఇక పిలవందే రాను."

"నేను పిలవను."

నేను సంచి పట్టీ సర్దుకున్నాను.

"పిలిస్తే ఇల్లు సర్దాలి, మొహం కడుక్కోవాలి, బాగున్నానని చెప్పాలి. అవన్నీ నావల్ల కాదు అమ్మమ్మా. నువ్వు ఎప్పట్లాగే చెప్పకుండా వచ్చెయ్యి."

బస్సు కిటికీ అద్దం పాడైంది, కిందకి దించితే మళ్లీ పైకి వచ్చేస్తోంది. అది బయట నిలబడి, రెండు చేతులతో దాన్ని కిందకి నొక్కి పట్టుకుంది. డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాడు. బస్సు కదిలాక కూడా నాలుగడుగులు పక్కనే నడిచింది, చేతులు తియ్యలేదు.

మీ వదిన